మత్తయ్య ఫాంట్

మడగాస్కర్ నుంచి ఉత్తరం వచ్చిన రోజు స్వప్న సూర్యాపేటలో తన ఇంటి ముందుగదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటోంది. ఉత్తరమంటే మెయిలే. రాసినామె పేరు లలావు. పాత పుస్తకాలను కాపాడే చిన్న సంఘమొకటి నడుపుతుందట. తమ పూర్వులు సొంత భాషను అరబ్బీ లిపిలో రాసుకున్న పుస్తకాలు ఉన్నాయని, ఇరవై ఏళ్ల కిందట వాటిని కష్టపడి కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నామని, ఇప్పుడు కొత్త కంప్యూటర్లలో ఆ ఫైళ్లు తెరిస్తే వేరే ఏవో అక్షరాలు వస్తున్నాయని రాసింది. తెరను ఫొటో తీసి జతచేసింది.

"గుండ్రంగా చాలా అందంగా ఉన్నాయి. కానీ మావి కావు. ఇవి ఎవరి అక్షరాలో మీకు తెలుసా?" అని అడిగింది.

ఫొటో నిండా తెలుగే. ఒక్క ముక్కకూ అర్థం లేదు. ఒత్తుల మీద ఒత్తులు, గుడుల పక్కన కొమ్ములు. స్వప్నకు ముందు నవ్వొచ్చింది. సంగతి అర్థమయ్యాక ఆగిపోయింది. పొరపాటు తనదే.

స్వప్న హైదరాబాద్‌లోని ఒక కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. అది కాక, జీతం లేని పని ఒకటి పన్నెండేళ్లుగా మోస్తోంది. కంప్యూటర్ అక్షరాన్ని అక్షరంగా దాచుకోదు, అంకెగా దాచుకుంటుంది. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది ఒకప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టుకున్నారు. అక్షరాన్ని అంకెగా మార్చేది ఎన్‌కోడర్, అంకెను తిరిగి అక్షరంగా మార్చేది డీకోడర్. ఇలాంటి జతలు లోకంలో వందలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి అన్నిటినీ ఒకే జాబితాలో ఉంచితే, ఏ దేశంలో ఏ ప్రోగ్రాం అయినా పేరు చెప్పి తనకు కావలసినదాన్ని పిలుచుకుంటుంది. ఆ జాబితానే రిజిస్ట్రీ అంటారు. నలభై దేశాల వాళ్లు వాడే అలాంటి ఒక రిజిస్ట్రీ బాధ్యత స్వప్నది. కొత్త పేర్లు చేర్చడం, ఒకే పేరు కోసం ఇద్దరు వస్తే తీర్పు చెప్పడం, ఎవరికీ పనికిరానివి తీసేయడం ఆమె పని. హైదరాబాద్ నుంచి శశిధర్ అనే అతను సాయం చేస్తుంటాడు.

అందులో 'ఎంఎల్‌జీ' అనే పేరు ఉంది. పద్నాలుగేళ్ల కిందట, అందరిలాగే తానూ ఒక డీకోడర్ రాసి పంపినప్పుడు స్వప్న పెట్టిన పేరది. ఎంఎల్‌జీ అంటే మిర్యాలగూడ. మడగాస్కర్ భాషకు ప్రపంచమంతటా గ్రంథాలయాల్లో వాడే మూడక్షరాల గుర్తు కూడా అదేనని అప్పుడు ఆమెకు తెలియదు. లలావు వాళ్ల ఫైళ్ల మీద ఆ గుర్తు ఉంది. ప్రోగ్రాం ఆ పేరుతో అడిగింది. రిజిస్ట్రీ మిర్యాలగూడ డీకోడర్‌ను తెచ్చి ఇచ్చింది.

శశిధర్‌కు ఫోన్ చేస్తే అతను రెండు నిమిషాల్లో తేల్చేశాడు. పొరపాటున లలావు వాళ్లు తప్ప ఎంఎల్‌జీని ఎవరైనా పిలిచినట్టు ఐదేళ్లుగా ఎక్కడా నమోదు కాలేదు. వాడకం లేని పేరును అరవై రోజుల నోటీసు ఇచ్చి వదిలేయాలన్న నియమం స్వప్న రాసిందే. ఆ సంగతి అతను మెత్తగా గుర్తుచేశాడు.

స్వప్న ఆ రోజే నోటీసు పెట్టింది. పెట్టాకే ఒక సంగతి తట్టింది. ఆ నోటీసు చూసి అభ్యంతరం చెప్పవలసిన మనిషికి ఇంటర్నెట్‌లో నోటీసులు చదివే అలవాటు లేదు. ఆయన పేరు మత్తయ్య.

రెండువేల నాలుగులో స్వప్న మిర్యాలగూడలో మేనత్త ఇంట్లో ఉండి డిగ్రీ చదువుకుంది. మధ్యాహ్నం కాలేజీ అయిపోగానే సాగర్ రోడ్డు మీదున్న మత్తయ్య డీటీపీ సెంటర్‌కు వెళ్లేది. టైపింగ్ నేర్చుకుందామని చేరి మూడేళ్లు అక్కడే ఉండిపోయింది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, గోడకు మేకులకు గుచ్చిన పెండ్లి కార్డుల నమూనాలు. వీధి చివర రైస్ మిల్లు నడిచినంతసేపూ బల్ల సన్నగా అదురుతూ ఉండేది. ఊక ధూళి లోపలికి రాకుండా మత్తయ్య కీబోర్డుల మీద తడిపి పిండిన తువ్వాలు కప్పేవాడు.

ఆ సెంటర్ అక్షరాలకు చుట్టుపక్కల పేరుండేది. మిగతా సెంటర్లన్నీ సీడీల్లో దొరికే ఫాంట్లు వాడితే మత్తయ్య దగ్గర మాత్రం సొంత ఫాంట్ ఉండేది. 'అ' కడుపు నిండుగా, 'ణ'కు కూడా ఊపిరాడేంత చోటుతో, చదువు అంతంతమాత్రం వచ్చినవాళ్లు కూడా ఆగకుండా చదవగలిగేటట్టు ఉండేవి ఆ అక్షరాలు. మత్తయ్య ఫాంట్‌లోనే కార్డు కావాలని కోదాడ నుంచి, నేరేడుచర్ల నుంచి వచ్చేవాళ్లు. చిక్కల్లా ఒకటే. ఏ మీట మీద ఏ అక్షరం ఉంటుందో ఆయన తన చేతికి వీలుగా పెట్టుకున్నాడు. తలకట్టు ఒక మీట, కొమ్ము ఇంకో మీట, ఒత్తులు షిఫ్ట్ నొక్కి. ఆ ఫైలు వేరే సెంటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలే. స్వప్న ఒక పొడుగు నోట్‌బుక్కులో గీతలు కొట్టుకుని మీట మీట వరసగా పట్టిక రాసుకుంది. అంకెలకూ అక్షరాలకూ మధ్య దారి ఉంటుందని ఆమెకు మొదటిసారి తెలిసింది ఆ నోట్‌బుక్కులోనే. తర్వాత ఎంసీఏ చదివినా, ఉద్యోగం చేసినా, ఆమె నేర్చుకున్నదంతా ఆ పట్టిక మీదే పేర్చుకుంటూ పోయినట్టుండేది.

రెండువేల పదకొండులో మత్తయ్య ఫోన్ చేశాడు. కొత్త కంప్యూటర్ కొన్నానని, పాత ఫైళ్లేవీ తెరుచుకోవడం లేదని చెప్పాడు. స్వప్న రెండు ఆదివారాలు వెళ్లి, ఆ పట్టికను ప్రోగ్రాంగా రాసి, ఫాంటును కొత్త పద్ధతికి మలిచి పెట్టి వచ్చింది. అదే డీకోడర్‌ను ఫాంటుతో సహా రిజిస్ట్రీకి పంపింది. ఆ తర్వాత పెళ్లి, సూర్యాపేట, కూతురు చదువు. మత్తయ్య నంబర్ మారింది. వెళ్లాలి వెళ్లాలి అనుకుంటూనే పద్నాలుగేళ్లు గడిచాయి.

శనివారం పొద్దున స్వప్న ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని మిర్యాలగూడ బస్సెక్కింది. సాగర్ రోడ్డు మీద డీటీపీ సెంటర్ ఉన్న చోట కళ్లద్దాల షాపు ఉంది. మిల్లు ఉన్న స్థలంలో ఫంక్షన్ హాలు లేచింది. ఆమె కొంతసేపు రోడ్డుకు అవతల నిలబడి చూసింది. మెట్లు మాత్రం పాతవే. మూడో మెట్టు అంచు అప్పుడే విరిగి ఉండేది, ఇప్పుడూ అలాగే ఉంది.

పక్కనున్న బియ్యం దుకాణంలో నగేష్ అప్పట్లో తండ్రి పక్కన కూర్చునేవాడు, ఇప్పుడు తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. స్వప్నను గుర్తుపట్టలేదు గానీ మత్తయ్య పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు. సెంటర్ మూసి తొమ్మిదేళ్లయిందని, మత్తయ్య భార్య జానమ్మ టీచర్ రిటైర్ అయ్యాక ఇద్దరూ కోదాడలో ఇల్లు కట్టుకున్నారని, తన పెండ్లి కార్డు కూడా ఆయన కొట్టిందేనని చెప్పాడు. ఫోన్ నంబర్ లేదు. చర్చి వెనక వీధి అని మాత్రం తెలుసు.

అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరేసరికి మూడు దాటింది. చర్చి వెనక వీధిలో రెండో మనిషిని అడిగేసరికే ఇల్లు దొరికింది.

మత్తయ్య వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. కుడిచెయ్యి కొద్దిగా వణుకుతోంది. స్వప్న గేటు తీసుకుని లోపలికి వస్తుంటే కళ్లు చికిలించి చూసి, ఆమె పేరు చెప్పకముందే గుర్తుపట్టాడు.

"నోట్‌బుక్ స్వప్న గదా. ఎన్నేండ్లకు యాదికొచ్చినం బిడ్డా."

ఆమె ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. ఆయన కుర్చీ తెమ్మని లోపలికి కేకేయబోతే వద్దంది. కాసేపు కూతురు గురించి, ఆయన చెయ్యి గురించి మాట్లాడుకున్నారు. రెండేళ్ల కిందట పక్షవాతం తగిలిందని, దవాఖానలో నెల రోజులున్నానని, ఇప్పుడు నయమేనని చెప్పాడు. లోపలి గదిలో ఎవరో కూడబలుక్కుని చదువుతున్నారు. శనివారం జానమ్మ దగ్గరికి చదువుకు వస్తారని మత్తయ్య చెప్పాడు. వీధి పిల్లలు కొందరు, మున్సిపాలిటీలో ఊడ్చే ఆడవాళ్లు ఇద్దరు.

స్వప్న గుమ్మం దగ్గరికి వెళ్లి చూసింది. నలభై దాటిన శాంతమ్మ అనే ఆమె, మున్సిపాలిటీ యూనిఫాం చీరలోనే, చాప మీద కూర్చుని కాగితం మీద వేలు పెట్టి చదువుతోంది. కాగితం మీద పెద్దపెద్ద అక్షరాలు. నిండు కడుపు 'అ', ఊపిరాడే 'ణ'. గది మూలన, కుట్టు గుడ్డ కప్పిన బల్ల మీద, తాను పద్నాలుగేళ్ల కిందట ప్రోగ్రాం పెట్టి వచ్చిన కంప్యూటరే ఉంది.

జానమ్మ ఆమెను చూసి తలూపి, శాంతమ్మ వాక్యం పూర్తిచేసేదాకా ఆగి, అప్పుడు లేచి వచ్చింది. నడిగూడెం బడిలో ఒకటో తరగతి చెప్పిన ఇరవై ఆరేళ్లలో పిల్లల మాటలతో చిన్నచిన్న పాఠాలు రాసిందట. నూట పన్నెండు పాఠాలు. అన్నీ మత్తయ్య టైపు చేసి పెట్టినవే. ప్రతి శనివారం పొద్దున ఒక ఫైలు తెరిచి ప్రింటు తీసుకుంటుంది. ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదు.

ఎవరూ వాడటం లేదని లెక్కలు చెప్పిన డీకోడర్‌ను కోదాడలో ఒకామె వారం వారం వాడుతోంది. ఆ సంగతి రిజిస్ట్రీకి తెలిసే దారి లేదు.

స్వప్న శాంతమ్మ చేతిలోని కాగితం అడిగి తీసుకుంది. 'చాప', 'చలి', 'చూపు' అన్న మాటల్లో 'చ' నెత్తిన చిన్న వంకర గుర్తు పెన్నుతో పెట్టి ఉంది. 'చేప', 'చిలుక' అన్నచోట లేదు. ఇదేమిటని అడిగితే, ప్రింటులో ఆ గుర్తు పడదని, తానే పెట్టుకుంటానని జానమ్మ మామూలుగా చెప్పింది. చాపలో 'చ' వేరు, చేపలో 'చ' వేరు, కొత్తగా చదివేవాళ్లకు అది కంటికి కనిపించాలి అంది.

స్వప్నకు నోట్‌బుక్కులో ఆ పేజీ కళ్ల ముందుకొచ్చింది. షిఫ్ట్ కింద ఒక మీట. ఏ పెండ్లి కార్డులోనూ, ఏ కరపత్రంలోనూ రాని గుర్తు. ఏదో గీత తప్పు పడిందనుకుని ఆమె ఆ గడి కొట్టేసింది. ఆమె కొట్టేసిన ఆ ఒక్క గడి వల్ల ఈమె పద్నాలుగేళ్లుగా ప్రతి కాగితం మీదా పెన్నుతో దిద్దుకుంటోంది.

సిగ్గుతో వరండాలోకి వచ్చి మత్తయ్యను అడిగింది, తాను ఫాంటును కొత్త పద్ధతికి మలిచినప్పుడు ఆ గుర్తు సంగతి తనకు ఎందుకు చెప్పలేదని.

మత్తయ్య తల అడ్డంగా ఊపాడు.

"నాకేం ఎరుక బిడ్డా. రాసింది ఆమె. ఆమెనే అడుగు."

స్వప్నకు అర్థం కాలేదు. ఆయన మళ్లీ చెప్పాడు. అక్షరాలన్నీ జానమ్మ రాసినవే. బడిలో నల్లబల్ల మీద రాసే రాతనే, రెండు వేసవి సెలవులు కూర్చుని, గ్రాఫ్ కాగితాల మీద ఒక్కో అక్షరం, ఒక్కో ఒత్తు విడివిడిగా దించింది. తాను వాటిని స్కాన్ చేసి మీటల మీద కూర్చోబెట్టాడు, అంతే. సర్కారు ఉద్యోగం చేస్తూ పక్కన వ్యాపారం చేస్తోందని ఎవరైనా అర్జీ పెడతారేమోనని భయపడి అప్పట్లో ఆమె పేరు ఎక్కడా చెప్పలేదు.

"అందరు మత్తయ్య ఫాంట్ అన్నరు. మొదట్ల భయానికి ఊకున్న. తర్వాత ఆమె రిటైరైంది, భయం పోయింది. అయినా నేను చెప్పలె. ఇనబుద్ధయ్యేది గద, అందుకు."

జానమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. ఆ మాట ఆమె అంతకు ముందు విన్నట్టు లేదు. లోపలికి వెళ్లి ఇనప బీరువా తీసి గ్రాఫ్ కాగితాల కట్ట తెచ్చి స్వప్న ఒళ్లో పెట్టింది. కాగితాలు పసుపురంగుకు తిరిగాయి. అంచుల్లో తేదీలున్నాయి, తొంభై తొమ్మిది మే, రెండువేలు మే. 'ళ' ఏడుసార్లు రాసి ఆరు కొట్టేసి ఉంది. స్వప్న ఒక్కో కాగితమే తిప్పింది. తన జీవితంలో తాను మొదట విప్పిన పొడుపుకథ ఎవరు వేశారో చెప్పే ఆధారం ఇరవై ఏళ్ల తర్వాత చేతుల్లోకి వచ్చింది.

అప్పుడు లలావు సంగతి చెప్పింది. ఫొటో చూపించింది. నియమం ప్రకారం ఒక్కరు వాడుతున్నా పేరు వదులుకోనక్కర్లేదని, ఇక్కడ జానమ్మ వాడుతోంది కాబట్టి ఎంఎల్‌జీ మిర్యాలగూడకే ఉంచవచ్చని చెప్పింది. అలా ఉంచాలనే తనకు ఉందని కూడా దాచలేదు. ఆ పేరు చూసినప్పుడల్లా సాగర్ రోడ్డు, తడి తువ్వాళ్లు, బల్ల అదురు గుర్తొస్తాయి.

జానమ్మ ఫొటోను దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆ పుస్తకాల్లో ఏముంటుందని అడిగింది. వాళ్ల ఊళ్ల కథలు, వంశాలు, మందులు అని స్వప్న తనకు తెలిసినంత చెప్పింది.

"వాళ్ల తాతల పుస్తకం తెరిస్తే మన అక్షరాలొస్తే వాళ్లేం చదువుకుంటారమ్మా," అంది జానమ్మ. "ఇచ్చెయ్యి. మనం ఇంకో పేరు పెట్టుకుంటే మన పాఠాలు ఆగిపోతయా?"

ఆగవని స్వప్న చెప్పింది. కొత్త పేరు ఏం పెడదామని అడిగి, తానే జానమ్మ అని పెడతానంది. జానమ్మ వెంటనే వద్దంది. ఊరి పేరే పూర్తిగా రాయమంది, లేదా ఆయన పేరు పెట్టమంది, ఈ వయసులో తనకెందుకంది.

మత్తయ్య వణికే చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఆమె పేరే పెట్టు బిడ్డా. అడగకు ఇగ. నేను చెప్తున్న."

చదువుకు వచ్చినవాళ్లు వెళ్లిపోయాక స్వప్న ఆ బల్ల ముందు కూర్చుంది. గ్రాఫ్ కాగితం మీది వంకర గుర్తును ఫోన్‌తో ఫొటో తీసి, లాప్‌టాప్‌లో ఫాంటుకు చేర్చింది. కొట్టేసిన గడిని మళ్లీ పట్టికలో పెట్టింది. డీకోడర్‌కు 'జానమ్మ' అని పేరు మార్చి, పెన్‌డ్రైవ్‌లో పాత కంప్యూటర్‌లోకి ఎక్కించింది. మొదటిసారి ఏదీ తెరుచుకోలేదు. నూట పన్నెండు ఫైళ్లూ ఇంకా పాత పేరుతోనే పిలుస్తున్నాయి. అన్నిటిలో పేరు మార్చేసరికి గంట పట్టింది. ఆ గంటలో మత్తయ్య పక్కన కుర్చీ వేసుకుని, పాత రోజుల్లో లాగే, తెర మీద వేలు పెట్టి తప్పులు చూపిస్తూ పోయాడు.

తర్వాత 'చలి' పాఠం ప్రింటు తీశారు. జానమ్మ కాగితం అందుకుని అలవాటుగా పెన్ను మూత తీసింది. మొదటి వరుస చదివింది, రెండో వరుస చదివింది. మూత మళ్లీ పెట్టేసి, ఈ కాగితం వచ్చే వారం శాంతమ్మకు ఇవ్వాలని విడిగా తీసి పెట్టింది.

సూర్యాపేట వచ్చాక స్వప్న శశిధర్‌కు జరిగిందంతా చెప్పింది. ఇంటర్నెట్ లేని కంప్యూటర్లలో వాడేవాళ్లు ఇలా ఇంకెందరున్నారో అన్నాడతను. పేరు తీసేముందు, దాన్ని చేర్చినవాళ్లను వెతికి నేరుగా అడగాలని నియమానికి ఇద్దరూ కలిసి ఒక వాక్యం చేర్చారు. నోటీసు గడువు తీరిన రోజు ఎంఎల్‌జీ పేరు మడగాస్కర్‌కు, లలావు వాళ్ల డీకోడర్‌కు వెళ్లింది. తమ పుస్తకం మొదటి పేజీ సరిగ్గా తెరుచుకుందని లలావు మెయిల్ రాసింది. ఆ అందమైన అక్షరాలు ఎవరివో తెలిసిందా అని మళ్లీ అడిగింది. స్వప్న జానమ్మ ఫొటో పంపింది.

రిజిస్ట్రీలో ప్రతి డీకోడర్ దగ్గరా దాన్ని తయారుచేసినవారి గురించి రెండు వాక్యాలు ఉంటాయి. స్వప్న కొత్త వాక్యాలు రాసి, ఎక్కించేముందు టీచరమ్మ చూడాలి కదా అని కోదాడ తీసుకువెళ్లింది. జానమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కో మాట ఆగి ఆగి చదివింది. 'ఫాంట్ డిజైనర్' అన్న మాట దగ్గర ఆగి, అదేమిటని అడిగింది. అక్షరాలకు రూపం ఇచ్చేవాళ్లని అలా అంటారని స్వప్న చెప్పింది.

జానమ్మ ఆ మాటను అడ్డంగా కొట్టేసి, పైన ఖాళీలో ఒకటో తరగతి టీచర్, నడిగూడెం అని రాసి కాగితం తిరిగి ఇచ్చింది. స్వప్న దాన్ని అలాగే ఎక్కించింది.